నానమ్మకు అమ్మ చెప్పిన ఆట

కిష్టారెడ్డిపేటలోని ఈ ఫ్లాటుకు మారేటప్పుడు అమ్మ ఇనుప పెట్టె అడుగున, పాత శాలువా మడతల్లో, నల్ల కళ్ళద్దాలు దొరికాయి. పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా రెక్కలున్న అద్దాలు. కంటి ఆపరేషన్ అయినవాళ్లకు ఆ రోజుల్లో ఆసుపత్రిలో ఇచ్చేవి. ఒక కాడ విరిగితే నల్లదారంతో కట్టి ఉంది. చెత్తలో వేయబోతుంటే అమ్మ నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ శాలువాలోనే చుట్టి పెట్టింది. అవి మా నానమ్మవి. మా అమ్మకు అత్త. పెళ్లయినాక చాలా ఏళ్ల పాటు మా అమ్మతో ఒక్క మాటైనా మాట్లాడని అత్త. ఆ రోజు నుంచి బీరంగూడలో మేమున్న కిరాయి ఇల్లు, అందులోని ఏప్రిల్ నెల పొద్దులు నాకు ఊరికూరికే గుర్తుకొస్తున్నాయి. మేము ముగ్గురం ఆడవాళ్లం, ఎండాకాలంలో, రేకుల ఇంట్లో కూర్చుని, ఎక్కడో చలిదేశంలో మంచు మీద ఆడే హాకీ చూసేవాళ్లమని ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ఇల్లంటే రెండే గదులు. ముందు గదిలో టీవీ, మంచం, నా పుస్తకాల అర. వెనక గదిలో వంట, పడక. రేకుల కింద మధ్యాహ్నం ఉండలేకపోయేవాళ్లం కానీ తెల్లవారుజామున మాత్రం ఆ ఇల్లు చల్లగా, మెత్తగా ఉండేది. చీకటి ఉండగానే నల్లా వచ్చేది. అమ్మ లేచి డ్రమ్ములు, బిందెలు నింపి, వాకిలి ఊడ్చి, ముక్కు ఎగబీల్చి గాలి చూసేది. పటాన్‌చెరు కార్ఖానాల మీదుగా గాలి వీస్తే కుళ్లిన గుడ్ల వాసన, మందుల వాసన కలిసి వచ్చేవి. ఆ రోజు కిటికీలు మూసేసేది. గాలి అటు తిరిగితే తెరిచేది. మా బాపు పటాన్‌చెరు అవతల ఇనుము కరిగించి మిషన్ల భాగాలు పోతపోసే కార్ఖానాలో పనిచేసేవాడు. ఆయన బట్టల్లోంచి కాలిన ఇసుక వాసన ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. నాకు ఇప్పటికీ ఎక్కడైనా వేడి ఇసుక మీద నీళ్లు పడితే బాపు గుమ్మంలోకి వచ్చినట్టే ఉంటుంది.

అమ్మ సంగారెడ్డిలో చర్చివాళ్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ సాయంత్రం ప్రార్థనకు ముందు ఆడపిల్లలంతా గ్రౌండులోకి రావాలి. అమ్మ హాకీ ఆడేదట, మధ్యలో నిలిచి బంతి అందించే సెంటర్ హాఫ్‌గా. ఆడేదట అని ఎందుకంటున్నానంటే, నేను పదో తరగతికి వచ్చేదాకా నాకీ సంగతే తెలియదు. బడిలో టీచరు కొలువు, ఇల్లు, ఆదివారం చర్చి, ఇంతకుమించి అమ్మకు ఇంకొక లోకం ఉన్నట్టు ఎవరం అనుకోలేదు. ఒకసారి పేపర్లో టీవీ కార్యక్రమాలు చూస్తుంటే తెల్లవారుజామున ఆటల చానల్లో హాకీ అని కనబడిందట. మన హాకీయే అనుకుని, నీళ్లు పట్టడం కాగానే టీవీ పెట్టింది. నేనూ ఆ చప్పుడుకు లేచాను. తెల్లటి నేల మీద మనుషులు జారుకుంటూ పోతున్నారు. నెత్తిన గట్టి టోపీలు, భుజాలకూ మోకాళ్లకూ మెత్తలు. బంతి లేదు. నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటి ఉంది, అది కంటికి ఆనదు. అమ్మ చానల్ మార్చబోయి ఆగింది. ఒక ఆటగాడు వెనక్కి తిరిగి చూడకుండానే బిళ్ళ వదిలితే, వెనకాలున్నవాడు సరిగ్గా అందుకున్నాడు. "ఇది మా ఆటనే," అంది అమ్మ, చేతిలో చీపురుతో అలాగే నిలబడి.

ఆ ఏడు మేమిద్దరమే చూశాం. పదహారు జట్లు రెండేసి చొప్పున తలపడతాయని, ఏడు ఆటల్లో ముందుగా నాలుగు గెలిచినవాళ్లు పై రౌండుకు పోతారని, ఓడినవాళ్లు ఇంటికి పోతారని చూస్తూ చూస్తూ తెలుసుకున్నాం. నీలం చొక్కాల జట్టు మాది అనుకున్నాం. అమ్మ మొదటిసారి టీవీ పెట్టినప్పుడు వాళ్లు ఓడిపోతున్నారు, అంతకంటే వేరే కారణం లేదు. వాళ్లు మొదటి రౌండులోనే ఓడి ఇంటికి పోయారు. అమ్మ ఆ పొద్దంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బాపు వచ్చి, ఒంట్లో బాగలేదా అని నుదురు పట్టి చూశాడు.

మరుసటి ఏప్రిల్‌లో నానమ్మ వచ్చింది. నానమ్మది భానూరు వైపు ఊరు. భూమి, జాగ ఉన్న కుటుంబం. పెద్దకొడుకు బస్సులో పరిచయమైన క్రైస్తవుల పిల్లను చర్చిలో పెళ్లి చేసుకున్నాడని ఆమె పెళ్లికి రాలేదు. నేను పుట్టినప్పుడు ఒకసారి వచ్చి, గుమ్మం దగ్గరే నన్ను ఎత్తుకుని, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయిందట. ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ చేశారు. ఊర్లో చిన్నాయన ఇంట్లో గడ్డి, దుమ్ము, పొయ్యి పొగ ఉంటాయని, ఆసుపత్రికి దగ్గరగా ఉంచమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అట్లా ఆమె మా ఇంటికి రాక తప్పలేదు. వస్తూ వస్తూ తన చెంబు, తన గ్లాసు, తన కంచం తెచ్చుకుంది. బాపు వరండాలో వేరే స్టౌ పెట్టి ఆమెకు వండేవాడు. పగలంతా తల్లి దగ్గర ఉండాలని ఆ నెల నైట్ షిఫ్టు అడిగి వేయించుకున్నాడు. పొద్దున ఆయన వచ్చి ఛాయ్ పెట్టేదాకా నానమ్మ గొంతు తడుపుకునేది కాదు. అమ్మ కోపం మాటల్లోకి వచ్చేది కాదు, గిన్నెలు తోమే చప్పుడులోకి వచ్చేది.

నానమ్మ మంచం ముందు గదిలో, టీవీ ఉన్న గదిలో. కట్టు కట్టిన కన్ను ఒకటి, పొర కమ్మిన కన్ను ఇంకొకటి. అమ్మ మొదటి రెండు పొద్దులు టీవీ పెట్టలేదు. కానీ మా నీలం చొక్కాల మొదటి రౌండు మొదలైపోయింది. మూడోనాడు ఉండబట్టలేక, చప్పుడు బాగా తగ్గించి పెట్టింది. నానమ్మ చెవులు మాత్రం చురుకు. ఎవరో కత్తులు నూరుతున్న చప్పుడు వస్తున్నది, ఏందే అది అని నన్ను అడిగింది. మంచు మీద ఆట అని చెప్పాను. మంచు మీద ఎట్ల నిలబడతరు అంది. కాళ్లకు చక్రాలుంటాయి అన్నాను. వంటగది గుమ్మంలోంచి అమ్మ, చక్రాలు కాదు, చెప్పుల కింద కత్తుల్లాంటి ఇనుప బద్దలుంటయ్ అని నాకు చెప్పింది. చెప్పింది నాకే, కానీ విన్నది నానమ్మ. ఎంతమంది ఆడుతరు అని నానమ్మ నన్నే అడిగింది. ఒక్కో దిక్కు ఆరుగురు అని అమ్మ నాకే చెప్పింది. అట్లా నాలుగైదు పొద్దులు వాళ్లిద్దరి మధ్య నేను గోడలా నిలబడ్డాను. మాటలు మాత్రం నా మీదుగా దాటిపోయేవి. గోలు కాపాడే మనిషికి నానమ్మ కావలోడు అని పేరు పెట్టింది. జొన్నచేను కాడ మంచె మీద కూర్చుని చిలకల్ని, పందుల్ని కొట్టిన మనిషి ఆమె. కావలోని కష్టం ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కావలోడు ఏం జేస్తుండు అన్నదే ఆమె మొదటి ప్రశ్న, ప్రతి పొద్దూ.

ఒకరోజు నాకు జ్వరం వచ్చి లేవలేదు. వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను. ముందు గదిలోంచి రెండు గొంతులు వినిపించాయి. ఒకటి అమ్మది, గబగబా, నేనెప్పుడూ వినని వేగంతో. "పొడుగోడు తీసుకున్నడు. అంచు పట్టుకుని పోతుండు. ఇద్దరు అడ్డమొచ్చిండ్రు. వదిలిండు, నడిమిట్లున్నోనికి ఇచ్చిండు." రెండోది నానమ్మది. "కొట్టుమను వాన్ని. ఏం సూస్తుండు?" నేను లేచి వెళ్లలేదు. లేచి వెళ్తే మళ్ళీ నాకే చెబుతారేమో, నన్నే అడుగుతారేమో అని కదలకుండా పడుకున్నాను. జ్వరం తగ్గినాక కూడా రెండు పొద్దులు నిద్ర నటించాను.

కట్టు విప్పినాక ఆసుపత్రివాళ్లు ఆ నల్ల అద్దాలిచ్చారు. వంగొద్దు, తలస్నానం చేయొద్దు, టీవీ మాత్రం చూడనే చూడొద్దు అన్నారు. నానమ్మ అలాంటివి అక్షరం తప్పకుండా పాటించే మనిషి. మంచం మీద టీవీకి వీపు పెట్టి కూర్చుంది. అమ్మ ఎదురుగా పీట వేసుకుని, నానమ్మ భుజం మీదుగా టీవీ చూస్తూ ఆట చెప్పేది. అంటే నానమ్మ కళ్ల ముందు ఉన్నది అమ్మ మొఖమే. అప్పటివరకు ఆమె అమ్మను అంత దగ్గరగా, అంత సేపు చూసి ఉండదు. కన్ను బాగైనాక తేటగా కనబడిన మొదటి మనిషి కూడా అమ్మేనేమో. రెండు మూడు పొద్దులకే అమ్మ నోరు తెరవకముందే నానమ్మకు తెలిసిపోయేది. గోలు వాయెనా, అనేది. నీకెట్ల తెలుసు నానమ్మా అని నేనడిగితే, మీ అమ్మ మొకం సూస్తే తెల్వదా అంది. 'మీ అమ్మ' అనడం అదే మొదటిసారి. అంతకుముందు 'ఆమె' అనేది, లేదా ఏమీ అనేది కాదు.

ఆ జట్టువాళ్లు గడ్డాలు పెంచడం గురించి కూడా ఒక పొద్దు మాటలయ్యాయి. ఈ రౌండ్లు నడిచినన్ని రోజులు ఆటగాళ్లు గడ్డం గీసుకోరని, ఓడినాకనో, చివరిదాకా గెలిచినాకనో తీస్తారని అమ్మ చెప్పింది. అయితే మొక్కుకున్నరా అంది నానమ్మ. అలాంటిదే అంది అమ్మ. ఏ దేవునికి అని అడిగింది నానమ్మ. వాళ్లలో ఎక్కువమంది మా చర్చివాళ్లలాంటివాళ్లే అయ్యుంటరు అని అమ్మ మెల్లగా అంది. ఏ దేవుడైతే ఏంది, మొక్కు మొక్కే అంది నానమ్మ. నేను నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి పోయాను.

ఆరో ఆట రోజు బాపు రాలేదు. పొద్దటి షిఫ్టులో మనిషి రాకపోతే ఈయన్ని ఆపేశారని, పక్కింట్లో ఉండే ఆయన తోటి పనివాడు వచ్చి చెప్పాడు. ఆటలో రెండో విరామం. టీవీలో ఒక పెద్ద బండి మంచు మీద నీళ్లు చల్లి నునుపు చేస్తూ తిరుగుతున్నది. అమ్మ తనకూ నాకూ ఛాయ్ పెట్టి తెచ్చింది. ఎప్పటిలాగే నానమ్మ వైపు చూడకుండా కూర్చుంది. నానమ్మ గొంతు సవరించుకుంది. "నాకు లేదా?" అంది. అమ్మ తన చేతిలోని గ్లాసు వైపు చూసింది. అది మా ఇంటి గ్లాసు, ఇంకా పెదవి తగిలించలేదు. నానమ్మ గ్లాసు అరలో వేరేగా ఉంది, దాన్ని తెమ్మని అమ్మ నాకు సైగ చేయబోయింది. "గదే ఇయ్యి, సల్లారుతది," అంది నానమ్మ. ఇచ్చింది అమ్మ. నానమ్మ ఊదుకుంటూ తాగి, చక్కెర తక్కువైందని చెప్పింది. అమ్మ వంటగదిలోకి వెళ్లింది చక్కెర కోసం. చక్కెర డబ్బా పట్టుకుని అక్కడే గోడకు ఆనుకుని కొంతసేపు నిలబడిపోవడం నేను చూశాను. ఆట మళ్ళీ మొదలైందని నేను పిలిస్తే కొంగుతో మొఖం తుడుచుకుని వచ్చింది.

ఆ ఆట మా నీలం చొక్కాలు గెలిచాయి. ఏడోది ఓడిపోయాయి. అయిపోయినాక టీవీలో రెండు జట్లూ వరసగా నిలబడి, ఒకరికొకరు ఎదురు వస్తూ చేతులు కలపడం అమ్మ చెప్పింది. రెండు వారాలుగా ఒకరినొకరు గోడకేసి గుద్దుకున్నవాళ్లు, పిడికిళ్లతో కొట్టుకున్నవాళ్లు. నానమ్మకు నమ్మకం కలగలేదు. "గెల్సినోళ్లు ఓడినోళ్ల కాడికి వస్తరా, ఓడినోళ్లే గెల్సినోళ్ల కాడికి పోవాల్నా?" అని అడిగింది. "ఇద్దరూ నడిమిట్ల కలుస్తరు అత్తమ్మా," అంది అమ్మ. అత్తమ్మా అని నోరారా పిలవడం నాకు తెలిసి అప్పుడే. నానమ్మ మంచం మీద పక్కకు జరిగి, పీట ఎందుకు, నడుం నొయ్యదా, ఇట్ల కూసో అంది.

ఇదంతా చూసి అమ్మ కరిగిపోయిందనీ, వాళ్లిద్దరూ తల్లీబిడ్డల్లా అయిపోయారనీ రాస్తే అబద్ధమవుతుంది. అమ్మకు మరిచిపోయే గుణం లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి నాతో అంది, నేను ఆమె కోసమేం చెప్పలే, నాకోసం చెప్పుకున్న అని. హాస్టల్ వదిలినాక హాకీ గురించి మాట్లాడేందుకు ఒక్క మనిషి దొరకలేదట. బాపుకు ఆటలంటే నిద్రొచ్చేది. నేను చిన్నదాన్ని. చివరికి వినే మనిషి దొరికింది, అదీ తనతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. దేవుడు ఇట్లనే చేస్తడు అని అమ్మ నవ్వింది. నానమ్మ మనసులో ఏముండేదో మాత్రం మాకెప్పుడూ తెలియదు. ఆమె క్షమించమని అడిగే మనిషి కాదు. ఏప్రిల్ రాగానే వచ్చే మనిషి, అంతే.

అవును, ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌లోనూ వచ్చింది. మందు చుక్కలు అయిపోయాయని ఒకసారి, అద్దాలు మార్చాలని ఒకసారి, రెండో కంటికి ఆపరేషన్ అని ఒకసారి. చిన్నాయన బండి మీద దింపి వెళ్లేవాడు. చెంబు, కంచం తేవడం మానేసింది. రెండో ఏడు నుంచి టీవీ తానే చూడగలిగేది, అయినా అమ్మ చెప్పాల్సిందే. అమ్మ బడికి సెలవులు రాకముందైతే ఆట సగంలో వెళ్లిపోవాల్సి వచ్చేది. అప్పుడు నానమ్మ మిగిలిందంతా చూసి, మధ్యాహ్నం అమ్మ రాగానే తను చెప్పేది. ఆమె చెప్పే ఆటలో జొన్నచేలు, పందులు, కావలోడు అన్నీ కలిసిపోయేవి. మా జట్టు మాత్రం ఏ ఏడూ మొదటి రౌండు దాటలేదు. ఓడిపోగానే నానమ్మ మూట కట్టుకునేది. మిగతా రౌండ్లతో ఆమెకు పనిలేదు. పచ్చళ్ల పని ఉంది ఊర్లో, అనేది.

తర్వాత చూపు మళ్ళీ పోయింది. ఈసారి శుక్లం కాదు, నరం ఎండిపోయిందని, చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. ఆమె వచ్చిన చివరి ఏప్రిల్‌లో చిన్నాయన ఎత్తుకుని తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. కొంగ కాళ్లలా సన్నబడిపోయాయి కాళ్లు. ఒంటి మీద వేపనూనె వాసన. నేనప్పటికి డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉన్నాను. ఆ ఏడు మా జట్టు మళ్ళీ ఏడో ఆట దాకా వచ్చింది. ఆ పొద్దున అమ్మ మంచం అంచున కూర్చుని, నానమ్మ చెయ్యి పట్టుకుని చెబుతున్నది. నేను గుమ్మంలో కూర్చుని తోటకూర తెంపుతున్నాను. చివరి భాగం నడుస్తున్నది, చెరి రెండు గోల్స్. అప్పుడు కరెంటు పోయింది. టీవీ తెర నల్లబడింది.

అమ్మ మాట ఆగింది. ఆగినవేంది, అంది నానమ్మ. అమ్మ నా వైపు చూసింది. తర్వాత నల్లటి తెర వైపు చూసింది. అంపైరు ఆట ఆపిండు అత్తమ్మా, అంది. ఇగ మొదలైంది, అని చెప్పడం మొదలుపెట్టింది. పొడుగోడు తీసుకున్నడు. పడ్డడు, మళ్ల లేచిండు. కావలోడు ముందుకొచ్చిండు, కాలుతో ఆపిండు. అమ్మ కళ్లు మూసుకుని చెబుతున్నది. ఏ గ్రౌండు కనబడుతున్నదో ఆమెకు, సంగారెడ్డిదో, ఆ చలిదేశానిదో. తోటకూర వదిలేసి నేనూ విన్నాను.

నానమ్మ నుదుటి మీద చెమట పట్టింది. కొంగుతో తుడుచుకుని, "ఫ్యాను ఆగి శానాసేపాయె," అంది. "కరెంటు పోయింది గదా?"

"పోయింది అత్తమ్మా," అంది అమ్మ.

నానమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మరి ఆట అయిపోయిందా?"

"ఇంకా కాలే."

"అయితే చెప్పు."

అమ్మ చివరిదాకా చెప్పింది. మా నీలం చొక్కాలు గెలిచాయి. గెలిచిన గోలు ఎట్లా పడిందో, ఎవరు ఎవరికి అందిస్తే పడిందో అంతా చెప్పింది. చేతులు కలుపుకోవడం చెప్పింది. కావలోడు నెత్తిన టోపీ తీసి ఏడుస్తున్నడని చెప్పింది. ఏడ్వనీ, శాన రోజులు కాసిండు, అంది నానమ్మ. కరెంటు వచ్చేసరికి టీవీలో ఇంకేదో ఆట వస్తున్నది. అమ్మ లేచి ఆపేసింది. మరునాడే నానమ్మకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాం. అక్కడి నుంచి ఊరికి తీసుకుపోయారు. వానలు పడకముందే పోయింది. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరమూ టీవీ పెట్టలేదు, కాబట్టి ఆ రోజు నిజంగా ఎవరు గెలిచారో మాకు తెలియలేదు. పై ఏడు ఆ చానల్లో ఆ ఆట రావడం మానేసింది.

ఇప్పుడు ఈ ఫ్లాటులో కరెంటు పోదు, పోయినా జనరేటర్ ఆ క్షణమే అందుకుంటుంది. గాలి ఎటు వీచినా కిటికీలు మూసే ఉంటాయి. ఏ దేశపు ఆటైనా ఫోన్‌లో చూడొచ్చు, ఆ నల్ల బిళ్ళ కూడా స్పష్టంగా కనబడుతుంది. ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటారు, పక్కనున్నవాళ్లకు చెప్పే పని లేదు. బాపు లేడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అయినా ఏప్రిల్‌లో తెల్లవారుజామునే లేస్తుంది. అప్పటి సుఖం తక్కువే. ఆ రేకుల ఇంటికి, ఆ వాసనకు, అమ్మ మింగిన అన్ని మాటలకు తిరిగి పొమ్మంటే నేను పోను. కానీ ఒక మనిషి చూస్తుంటే ఇంకొక మనిషి ఆ మొఖంలో చూడటం అన్నది నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మొన్న నాకు తోచింది, ఆ ఏడో ఆట సంగతి ఫోన్‌లో వెతికితే నిమిషంలో తెలిసిపోతుందని. ఏ ఏడో లెక్కగట్టి వెతకడం మొదలుపెట్టాను. ఏం చూస్తున్నవని అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ పక్కన కూర్చుని నా చేతిలోని ఫోన్‌ను మెల్లగా బోర్లా పెట్టింది.

"ఎందుకు బిడ్డా," అంది. "ఆమె గెల్సిందనుకునే పోయింది."